దాహం కాదు.. జలగండం!

• కుండీల్లో కుళ్లిపోతున్న కలబందలు, జెముళ్లు
• ఆకు ముడత పడిందని నీళ్లు పోస్తే మొదటికే మోసం
• అగరుబత్తి పుల్లతో అసలు జబ్బు తేల్చుకోవచ్చు

కె.ఆర్.పురం (బెంగళూరు):

దిష్టి తగలకుండా ఇంటి గుమ్మానికి కలబందను తలకిందులుగా వేలాడదీయడం మన పల్లెల్లో ఎప్పట్నుంచో ఉన్న అలవాటే. దానికి మట్టి ఉండదు. నీళ్లు పోసేవారు ఉండరు. అయినా నెలల తరబడి పచ్చగానే ఉంటుంది. ఒక్కోసారి వంపు తిరిగి పైకి చిగురు కూడా వేస్తుంది. అదే కలబందను నగిషీల పింగాణీ కుండీలో పెట్టి, రోజూ పొద్దున్నే గ్లాసుడు నీళ్లు పోసి చూడండి. నెలా రెండు నెలలు తిరక్కుండానే మొదలు మెత్తబడి, ఆకులు ఊడి చేతికొస్తాయి. గాలిలో వేలాడుతూ బతికిన మొక్క, కూర్చోబెట్టి సేవ చేస్తే ఎందుకు చచ్చిపోతోంది?

కె.ఆర్.పురం, టిన్ ఫ్యాక్టరీ, రామమూర్తినగర్ చుట్టుపక్కల బాల్కనీల్లో మొక్కలు పెంచే తెలుగువారు చాలామంది అడిగే ప్రశ్న ఇదే. కుప్పం నుంచి రైలెక్కి వచ్చి ఇక్కడ స్థిరపడినవారు కొందరు, హిందూపురం, మదనపల్లె నుంచి ఉద్యోగాలకొచ్చినవారు కొందరు. ఊళ్లో ఇంటి వెనక పెరడు ఉండేది. ఇక్కడ ఉన్నదల్లా నాలుగడుగుల బాల్కనీ. దానికి సరిపోయేవి సక్యులెంట్లే. అంటే ఆకుల్లో, కాండంలో నీటిని దాచుకునే కండపట్టిన మొక్కలు. కలబంద, రణపాల, నాగజెముడు, కాడజెముడు మనకు కొత్తవి కావు. జేడ్, ఎచెవేరియా, హవర్థియా, స్నేక్ ప్లాంట్, ఎడారి గులాబీ అనే అడీనియం ఇప్పుడు వాటికి తోడయ్యాయి. నర్సరీలో కన్నడ మాట వినిపిస్తే తడబడనక్కర్లేదు. జెముడు జాతిని ఇక్కడ ‘కళ్లి’ అంటారు. కలబంద ‘లోళెసర’, రణపాల ‘కాడుబసళె’.

నీటి ఎద్దడి కూడా ఈ మొక్కల మీద మోజు పెంచింది. 2024 మార్చిలో నగరంలో బోర్లు ఎండిపోయి, తోటలకు, వాహనాలు కడగడానికి తాగునీరు వాడితే రూ.5 వేల జరిమానా వేస్తామని జలమండలి ప్రకటించింది. తక్కువ నీటితో బతికే మొక్కలైతే గొడవ ఉండదని అనుకోవడం సహజం. విచిత్రమేమిటంటే కుండీల్లో ఇవి ఎక్కువగా చస్తున్నది నీళ్లు లేక కాదు, నీళ్లు ఎక్కువై.

పగలు మూత.. రాత్రి మేత

మామూలు మొక్కలు పగటిపూట ఆకుల్లోని సన్నటి రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటాయి. ఆ దారినే నీరు ఆవిరైపోతుంది. సక్యులెంట్లలో ఎక్కువ రకాలు దీనికి విరుద్ధం. పగలు ఎండలో రంధ్రాలు మూసేసి, రాత్రి చల్లబడ్డాక తెరుస్తాయి. రాత్రి పీల్చుకున్న కార్బన్ డయాక్సైడ్‌ను ఆమ్లంగా మార్చి దాచుకుని, తెల్లారాక సూర్యరశ్మితో ఆహారం తయారు చేసుకుంటాయి. అందుకే వాటికి ఖర్చయ్యే నీరు చాలా తక్కువ. వేళ్లు కూడా అలాగే అలవాటుపడ్డాయి. ఒకసారి తడవాలి, తర్వాత బాగా ఆరాలి. మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే వేళ్లకు గాలి అందదు. గాలి అందని వేరు చచ్చిపోతుంది. చచ్చిన వేరు మీద శిలీంద్రాలు, బ్యాక్టీరియా చేరి కుళ్లు మొదలవుతుంది. అది కింది నుంచి పైకి పాకుతుంది. పైన మనకు కనిపించేసరికి కింద సగం పని అయిపోయి ఉంటుంది.

మన ఊళ్లో పనికొచ్చిన లెక్క ఇక్కడ పనికిరాకపోవడానికీ కారణం ఉంది. అనంతపురం ప్రాంతంలో ఏడాది మొత్తానికి కురిసే వాన 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. బెంగళూరులో అది 900 మిల్లీమీటర్ల పైమాటే. పైగా ఈ నగరం సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. రాత్రిళ్లు చల్లన. అనంతపురం డాబా మీద మూడు రోజుల్లో ఆరిపోయే కుండీ, ఇక్కడి ఉత్తరపు బాల్కనీలో పది రోజులైనా తడిగానే ఉండొచ్చు. ‘వారానికోసారి పోయండి’ అని నర్సరీలో చెప్పే మాట అన్ని ఇళ్లకూ, అన్ని నెలలకూ సరిపోదు.

ముడతే మోసం చేస్తుంది

ఇక్కడే అసలు చిక్కు. దాహం వేసిన మొక్క ఆకు ముడత పడుతుంది. వేళ్లు కుళ్లిన మొక్క ఆకు కూడా ముడతే పడుతుంది. మట్టిలో నీళ్లున్నా పీల్చుకునే వేరు లేకపోతే ఆకుకు నీరందేదెలా? చూసేవారికి మాత్రం రెండూ ఒక్కలాగే ఉంటాయి. ‘పాపం, ఎండిపోతోంది’ అనుకుని ఇంకో చెంబు పోస్తారు. రెండు రోజుల్లో మొక్క కూలిపోతుంది. ‘నీళ్లు పోస్తూనే ఉన్నామండీ, అయినా వాడిపోయింది’ అనే మాట వెనకున్న కథ చాలాసార్లు ఇదే.

తేడా తెలుసుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. పూజగదిలో కాలిపోయి మిగిలిన అగరుబత్తి పుల్ల చాలు. దాన్ని కుండీ అంచు దగ్గర అడుగుదాకా గుచ్చి పది నిమిషాలు ఉంచి తీయండి. పుల్ల పొడిగా, శుభ్రంగా వస్తే మట్టి ఆరినట్టు. తడిగా ఉండి మట్టి అంటుకుని వస్తే ఆ రోజు నీళ్లు వద్దు. పైమట్టి చూసి నిర్ణయించొద్దు. పైన ఎండి, అడుగున బురదగా ఉండటం కుండీల్లో మామూలే.

ఇక లెక్క తేలిక. మట్టి పొడి, ఆకు ముడత, కాండం గట్టిగా ఉంటే అది దాహం. కుండీ అడుగు రంధ్రాల్లోంచి కారేదాకా నీళ్లు పోయండి. రెండు మూడు రోజుల్లో ఆకు తేరుకుంటుంది. మట్టి తడి, ఆకు ముడత, మొదలు మెత్తగా ఉంటే అది కుళ్లు. చుక్క నీరు కూడా పోయకుండా మొక్కను కుండీలోంచి బయటకు తీయాల్సిందే.

ఆకు చూసి జబ్బు చెప్పొచ్చు

• కింది ఆకులు పసుపు రంగుకు తిరిగి, అద్దంలా పారదర్శకంగా, జావలా మారితే నీరు ఎక్కువైంది. ముట్టుకుంటేనే రాలిపోతాయి.

• కింది ఆకులు ఒకటొకటిగా ఎండి కాగితంలా అయితే కంగారు వద్దు. ముదురాకు రాలి కొత్తాకు రావడం సహజం. పైఆకులు కూడా అలా అయితేనే ఆలోచించాలి.

• కాండం సాగి, ఆకుకూ ఆకుకూ మధ్య దూరం పెరిగి, మొక్క ఒక పక్కకు వాలితే వెలుతురు చాలడంలేదు. టీవీ పక్కన, ఆఫీసు బల్ల మీద పెట్టిన ఎచెవేరియాలకు ఎక్కువగా వచ్చే బాధ ఇది. సాగిన కాండం మళ్లీ కుదించుకోదు. పైభాగం కోసి నాటుకోవాలి.

• ఎండ తగిలే వైపు మాత్రమే తెల్లగా లేదా గోధుమ రంగులో ఎండిన మచ్చలు వస్తే ఎండదెబ్బ. ఆ మచ్చ పోదు కానీ, పాకదు కూడా. మచ్చ మెత్తబడి రోజురోజుకూ పెద్దదవుతుంటే అది ఎండదెబ్బ కాదు, కుళ్లు.

• ముదిరిన జెముడు మొదట్లో బెరడులా గోధుమ రంగు గట్టిపడితే వయసు లక్షణం. నొక్కి చూడండి. గట్టిగా ఉంటే భయం లేదు, వేలు దిగితే కుళ్లు.

• మట్టి మీద చిన్న చిన్న నల్లటి ఈగలు ముసురుతుంటే మట్టి ఎప్పుడూ తడిగా ఉంటోందని అర్థం.

• చలికాలంలో అడీనియం ఆకులు రాల్చేస్తే అది నిద్ర. దుంపలాంటి మొదలు గట్టిగా ఉందో లేదో చూసుకుని, చిగురు వచ్చేదాకా నీళ్లు తగ్గించాలి.

తెల్లనిదంతా పురుగు కాదు

మొక్క మీద తెల్లగా కనిపిస్తే చాలు, చాలామంది మందు డబ్బా వెతుకుతారు. కానీ తెలుపు మూడు రకాలు.

ఒకటి, ఆకంతా సమానంగా పరుచుకున్న బూడిద లాంటి పొడి. ఎచెవేరియా వంటి రకాలకు అది పుట్టుకతో వచ్చిన మైనపు పూత. ఎండ నుంచి, తడి నుంచి ఆకును కాపాడేది అదే. తడిబట్టతో తుడిస్తే గొడుగు లాగేసినట్టే.

రెండోది, మట్టి మీద, కుండీ అంచున గట్టిగా కట్టే తెల్లటి పెచ్చు. ఇది నీళ్లలోని ఉప్పు. 2024 అక్టోబరులో కావేరి ఐదో దశ ప్రారంభమైనా, బోరునీటి మీద, ట్యాంకర్ల మీద నడిచే ఇళ్లు ఈ వైపు ఇంకా ఉన్నాయి. బోరునీరు గట్టినీరైతే ఈ పెచ్చు త్వరగా కడుతుంది. ఆర్వో యంత్రం నుంచి బయటకు పోయే నీటిని పొదుపు పేరుతో మొక్కలకు పోసేవారున్నారు. దాంట్లో ఉప్పు ఇంకా చిక్కగా ఉంటుంది. దాన్ని ఇల్లు తుడవడానికి వాడండి, కుండీలకు వద్దు. వాన నీళ్లు పట్టుకుంటే అంతకన్నా మంచివి లేవు. పెచ్చు కట్టిన పైమట్టి తీసేసి కొత్తది వేస్తే చాలు.

మూడోది అసలు దొంగ. ఆకు కాండాన్ని అంటుకునే మూలల్లో, చిగురు మధ్యలో దూది ఉండల్లా కనిపించేది పిండినల్లి. రసం పీల్చి మొక్కను పీనుగులా చేస్తుంది. ఇది విడిచే తీపి జిగురు కోసం చీమలు చేరతాయి, పురుగుకు కాపలా కూడా కాస్తాయి. కుండీ మీద చీమల బారు కనిపిస్తే ఆకుల మూలలు వెతకండి. పైన ఏమీ లేకున్నా మొక్క ఎదగకపోతే కుండీలోంచి తీసి వేళ్లు చూడండి. వేళ్లలో దాక్కునే రకం కూడా ఉంది.

ముందుగా ఆ మొక్కను మిగతావాటి నుంచి దూరంగా పెట్టాలి. దూదిపుల్లను సర్జికల్ స్పిరిట్‌లో ముంచి ఒక్కో ఉండకూ అద్దాలి. మొదట ఒక ఆకు మీద అద్ది, మర్నాడు చూసి, ఆకు కమలకపోతేనే మిగతా వాటికి అద్దండి. స్పిరిట్ త్వరగా అంటుకునే సరుకు కాబట్టి దీపం, పొయ్యి దగ్గర ఈ పని వద్దు. పురుగు ఎక్కువైతే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీరు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయొచ్చు. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. మైనపు పూత ఉన్న రకాలకు నూనె వద్దు. వారం వ్యవధితో మూడు నాలుగుసార్లు చేయాలి. గుడ్లలోంచి కొత్తవి పుడుతుంటాయి కాబట్టి ఒకసారితో వదలదు. ఊరెళ్లినప్పుడు టమాటాకు కొట్టగా మిగిలిన మందు సీసా తెచ్చి బాల్కనీలో కొట్టే పని మాత్రం పెట్టుకోవద్దు. తలుపులు మూసుకుని పిల్లలు పడుకునే ఇల్లది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది.

నాగజెముడును మింగిన పురుగు

పిండినల్లిని తేలిగ్గా తీసుకునేవారికి ఒక పాత సంగతి. నాగజెముడు మన దేశపు మొక్క కాదు, అమెరికా ఖండాల నుంచి వచ్చింది. ఎర్రరంగునిచ్చే కొచినీల్ పురుగును పెంచాలన్న ఆశతో ఈస్టిండియా కంపెనీ రోజుల్లో ఈ మొక్కను ఇక్కడ ప్రోత్సహించారు. 1795లో వచ్చిన పురుగు రంగుకు పనికొచ్చే రకం కాదు. అది రంగునివ్వకపోగా ఒక జాతి నాగజెముడును తినేసింది. ఆ తర్వాత వేరే జాతులు దక్షిణాదిన బీళ్లనూ, గట్లనూ ఆక్రమించాయి. వాటిని అదుపు చేయడానికి 1926లో మరో రకం కొచినీల్ పురుగును వదిలారు. కొన్నేళ్లలోనే దట్టమైన నాగజెముడు పొదలు కుప్పకూలాయి. ఆ పురుగు కూడా తెల్లటి దూదిని కప్పుకునేదే, పిండినల్లికి దగ్గరి చుట్టమే. నలిపితే ఎర్రగా కారుతుంది. ముళ్లతో మనుషులనే ఆపిన మొక్క, ఆవగింజంత పురుగును ఆపలేకపోయింది.

కుళ్లితే కోతే మందు

కుళ్లు అని తేలితే ఆలస్యం చేయొద్దు. మొక్కను తీసి మట్టి దులపండి. మంచి వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. కుళ్లిన వేరు నల్లబడి, లాగితే తొక్క ఊడివస్తుంది, వాసన కొడుతుంది. వేళ్లు మాత్రమే పోతే అవి కత్తిరించి నీడలో ఆరబెట్టాలి. కాండం దాకా వస్తే, స్పిరిట్‌తో తుడిచిన బ్లేడుతో పైనుంచి మంచి భాగం కోయాలి. కోసిన చోట మధ్యలో గోధుమ రంగు చుక్క కనిపించినా ఇంకాస్త పైకి కోయాల్సిందే. చుక్క మిగిల్తే కుళ్లు మిగిలినట్టే. ఒక్కో కోతకూ బ్లేడు తుడవాలి.

కోసిన ముక్కను వెంటనే నాటొద్దు. నీడలో, గాలి ఆడే చోట నాలుగైదు రోజులు ఉంచితే గాయం మీద పొర కడుతుంది. లావు కాండమైతే వారం, పది రోజులు పట్టొచ్చు. గాయానికి పసుపో, దాల్చినచెక్క పొడో అద్దేవారున్నారు. తప్పు లేదు కానీ, ఆరబెట్టడమే అసలు వైద్యం. పొర కట్టాక పొడి మట్టిలో నాటి, వారం తర్వాత కొద్దిగా నీళ్లివ్వాలి. జేడ్, ఎచెవేరియాల్లో కాండం మొత్తం పోయినా మంచి ఆకు ఒక్కటి దక్కితే మళ్లీ మొక్క వస్తుంది. రణపాల సంగతి చెప్పక్కర్లేదు, ఆకు అంచు నుంచే పిల్లలు వేస్తుంది. ఊరి నుంచి అమ్మ గుడ్డలో చుట్టి ఇచ్చిన కలబంద పిలకలాంటివి డబ్బిచ్చినా మళ్లీ దొరకవు. అలాంటి మొక్క ఉన్నవారు, అది బాగున్నప్పుడే ఒక పిలక తీసి వేరే కుండీలో పెట్టుకుంటే నిశ్చింత.

మట్టిలోనే ఉంది మర్మం

ఇక్కడి ఎర్రమట్టి పొలానికి మంచిదే కానీ, కుండీలో ఒంటరిగా వేస్తే ఇటుకలా గట్టిపడుతుంది. ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన ఎరువు, రెండు పాళ్లు గరుకు సరుకు కలపండి. గరుకు అంటే పెర్లైట్, ప్యూమిస్, శనగగింజంత ఇటుక ముక్కలు, బొగ్గు ముక్కలు. కట్టుబడి చోట దొరికే ఎం-శాండ్ వాడితే జల్లించి, కడిగి వాడాలి. దాంట్లోని సన్న పొడి సిమెంటులా పట్టేస్తుంది. కొబ్బరిపొట్టులో పెంచిన మొక్క తెస్తే మెల్లగా మట్టి మార్చండి. ఆ పొట్టు తడిస్తే ఓ పట్టాన ఆరదు, బాగా ఎండితే నీళ్లు పట్టదు.

కుండీకి అడుగున రంధ్రం తప్పనిసరి. రంధ్రం లేని పింగాణీ కప్పుల్లో, పైన గులకరాళ్లు అతికించి కానుకలుగా ఇచ్చే మొక్కలు తెచ్చిన రోజే మార్చాలి. ‘అడుగున గులకరాళ్లు వేశాం కదా’ అంటే కుదరదు. రాళ్ల పైన మట్టిలో నీరు అలాగే నిలబడుతుంది. మట్టికుండీ అయితే గోడల్లోంచి కూడా ఆరుతుంది. మొక్క చిన్నదైతే కుండీ కూడా చిన్నదే ఉండాలి. పెద్ద కుండీలో ఎక్కువ మట్టి, ఎక్కువ తడి.

ఏ కాలంలో ఏం చేయాలి?

జూన్ నుంచి అక్టోబరు దాకా వానలు. సెప్టెంబరు, అక్టోబరుల్లో జోరెక్కువ. కుండీలను సన్‌షేడ్ కిందికి జరపండి. కింద పళ్లెంలో నీరు నిలవనీయొద్దు. ఆకుల మధ్య గిన్నెలా నీరు నిలిచే రకాలైతే వంచి పారబోయండి.

నవంబరు నుంచి జనవరి దాకా చలి. మట్టి నెమ్మదిగా ఆరుతుంది. రెండు మూడు వారాలకోసారి సరిపోవచ్చు. పుల్ల చెప్పిందే లెక్క.

మార్చి నుంచి మే దాకా ఎండ. 2024 ఏప్రిల్‌లో నగరంలో 38 డిగ్రీలు దాటిన సంగతి గుర్తుండే ఉంటుంది. పడమటి బాల్కనీ అయితే మధ్యాహ్నం తర్వాత నీడవల కట్టాలి. తూర్పు ఎండ దాదాపు అన్నింటికీ మంచిది. నర్సరీ నీడలో పెరిగిన మొక్కను తెచ్చిన రోజే ఎండలో పెట్టొద్దు. పది రోజుల పాటు రోజుకింత చొప్పున అలవాటు చేయాలి.

సంక్రాంతికి ఊరెళ్తే మొక్కల గురించి బెంగ అక్కర్లేదు. పది రోజులు నీళ్లు లేకున్నా ఇవి చావవు. తాళం తీసుకున్న పక్కింటివారు అభిమానంతో రోజూ పోస్తేనే ప్రమాదం. ‘ఏమీ పోయొద్దు’ అని చెప్పి వెళ్లండి.

పాలు కారితే జాగ్రత్త

కాడజెముడు, ఆకుజెముడు, ముళ్ల యుఫోర్బియాలు కోస్తే తెల్లటి పాలు కారతాయి. అవి కంట్లో పడితే విపరీతమైన మంట, చూపుకే ముప్పు. వెంటనే ధారగా నీళ్లతో చాలాసేపు కడిగి కంటి డాక్టరు దగ్గరకు వెళ్లాలి. అడీనియం రసం గుండె మీద పనిచేసే విషం. పాకే పిల్లలున్న ఇంట్లో ఇవి అందే ఎత్తులో ఉండకూడదు. కోసేటప్పుడు చేతికి తొడుగు, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవడం మరవొద్దు.

కొనేటప్పుడే చూసుకుంటే సగం బాధ తప్పుతుంది. కడియం లారీలో వచ్చినదైనా, లాల్‌బాగ్ ఫలపుష్ప ప్రదర్శన దుకాణంలో కొన్నదైనా, మొదలు వేలితో నొక్కండి. ఆకుల మూలల్లో దూది ఉందేమో, కుండీ అడుగున రంధ్రం ఉందో లేదో చూడండి. ఇంటికి తెచ్చాక రెండు వారాలు మిగతా మొక్కలకు దూరంగా ఉంచండి. ఒక్క పిండినల్లి వెంట వచ్చినా బాల్కనీ అంతా పాకడానికి నెల చాలు.